‘ఏం చెయ్యదండీ!’

తెల్లవారుజామున అయిదున్నరకు గన్‌ఫౌండ్రీని ఎప్పుడైనా చూశారా? పగలంతా హారన్లతో చెవులు చిల్లులు పడే రోడ్డు ఆ వేళకు ఎంత బుద్ధిగా ఉంటుందో! బ్యాంకు ముందు సెక్యూరిటీ గార్డు కుర్చీలోనే కునుకు తీస్తుంటాడు. బడుల గేట్లకు తాళాలుంటాయి. ఎల్బీ స్టేడియం వైపు ఒకరొకరుగా వాకింగ్‌కి బయల్దేరుతుంటారు. సరిగ్గా అప్పుడే నేనూ రోడ్డెక్కుతాను... ఎడమచేతిలో రెండు గొలుసులు, కుడిచేతిలో ఒకటి. వాటి చివర మూడు కుక్కలు.

మూడూ నావి కావు. చిట్టి ఒక్కటే నాది. ఓ వానాకాలం రాత్రి మెట్ల కింద వణుకుతూ దొరికింది. మిగతా రెండూ మా ఇంటి ఓనరు టీచరుగారివి. కింది వాటాలో ఆవిడ, పై వాటాలో నేను. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పదకొండేళ్ళ లాబ్రడార్ రాజా, దూదిపింజలాంటి పొమరేనియన్ పింకీ... ఆవిడ కుటుంబం అంతే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఓ రోజు పిలిచి, ‘అమ్మాయ్, నాలుగు రోజులు వీటిని కూడా తిప్పుకొస్తావా?’ అనడిగారు. ఆ నాలుగు రోజులూ ఇప్పటికీ పూర్తికాలేదు!

మా పేటకు ఆ పేరెలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. రెండో నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. జనం ‘తోప్ కా సాంచా’ అన్నారు. ఫతేమైదాన్ దగ్గర ఆ కట్టడం ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. ఫిరంగుల సంగతేమోగానీ, ఇదే పేటలో నన్ను వణికించింది మాత్రం ఒక చిన్న మాట. మూడు భాషల్లో విన్నాను దాన్ని. ‘ఏం చెయ్యదండీ!’, ‘కుచ్ నై కర్తా మేడమ్!’, ‘డోంట్ వర్రీ, హి ఈజ్ ఫ్రెండ్లీ!’

వీధి కుక్కలకో రూలుంది

మూడు కుక్కలతో రోడ్డెక్కేవాళ్ళకు మొదటి భయం వీధి కుక్కలే. నాకూ అంతే. పింకీ ఒక్క ‘భౌ’ అంటే చాలు, చిట్టి అందుకుంటుంది. చిట్టి మొదలుపెడితే పెద్దమనిషి రాజా కూడా గొంతు కలుపుతాడు. అవతలి సందులోంచి ఇంకో నాలుగు పరుగెత్తుకొస్తాయి. ఇక చూడాలి నా తిప్పలు!

నెల తిరిగేసరికి ఒక సంగతి అర్థమైంది. వీధి కుక్కకో సరిహద్దు ఉంటుంది. మా సందు మొదట్లో చాయ్ బండి దగ్గరుండే గోధుమరంగుది కరెంటు స్తంభం దాకా మొరుగుతూ వస్తుంది. స్తంభం దాటామా, పనైపోయినట్టు వెనక్కి తిరుగుతుంది. ‘గా స్తంభం దాంక దాని జాగ అక్కా. ఆగకుండ నడువు, ఉరకకు’ అని చాయ్ బండి అన్న చెప్పాడు. అంతే! ఆ రూలు తెలిశాక ఆ కుక్కకూ నాకూ పేచీ లేదు. దాని చెవి కొన తుంచి ఉంటుంది. ఆపరేషన్ అయిందని గుర్తన్నమాట. అలా చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనలు చెబుతాయి.

వీధి కుక్కల వల్ల ముప్పు లేదని నేననను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ని కుక్కల గుంపు పొట్టన పెట్టుకున్న వీడియో చూసి నిద్రపట్టనివాళ్ళలో నేనూ ఒకదాన్ని. అది మా ఇంటికి నాలుగైదు కిలోమీటర్ల దూరమే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద తీర్పులిచ్చినప్పుడు దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. టీవీల్లో, ఆఫీసు క్యాంటీన్లో, మా టీచరుగారి వరండాలో ఒకటే చర్చ. కానీ ఆ గొడవలో నేను ఎదురుచూసిన మాట ఒకటి ఎవరి నోటా రాలేదు... ఇంట్లో పెంచుకుంటూ, బయట గొలుసు లేకుండా వదిలేసే కుక్కల సంగతేంటని!

ఆ ఆదివారం

అది డిసెంబరు. పుస్తకాలవాళ్ళు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టపెట్టెలు దించుకునే ఆదివారం పొద్దు. ముగ్గుర్నీ తీసుకుని తిరిగొస్తున్నాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయని పింకీ గొలుసు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

ఓ అపార్ట్‌మెంటు గేటులోంచి పెద్ద జర్మన్ షెపర్డ్ బయటికొచ్చింది. మెడకు బెల్టుంది, గొలుసు లేదు. వెనక ముప్ఫై అడుగుల దూరంలో ఫోన్లో మాట్లాడుతూ ఓ పెద్దమనిషి. కుక్క నిలబడిపోయింది. తోక పైకి లేచి బిగుసుకుంది. కళ్ళు ఆర్పకుండా మావైపే చూస్తోంది. ‘సార్, పట్టుకోండి!’ అని అరిచాను. ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే నవ్వాడు. ‘కుచ్ నై కర్తా మేడమ్!’

వీధి కుక్కల దగ్గర నేర్చిన విద్య ఉందిగా... వంగి రాయి తీస్తున్నట్టు నటించాను. వీధి కుక్క అయితే ఆ భంగిమకే పారిపోతుంది. దీనికి జన్మలో రాయి దెబ్బ తెలీదు. బంతి విసురుతున్నాననుకుందో ఏమో, దూసుకొచ్చేసింది. తర్వాత అరనిమిషం ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. మూడు గొలుసులూ నా కాళ్ళకు చుట్టుకున్నాయి. మణికట్టుకు చుట్టినది విడిపించుకోలేకపోయాను. పింకీ కీచుమంది. దానికి అడ్డంగా రాజా వెళ్ళాడు. పదకొండేళ్ళ ముసలాడు, కీళ్ళ నొప్పులవాడు! నేను పిచ్చిదానిలా మధ్యలో చెయ్యి పెట్టాను. అది రెండో తప్పు. చివరికి చాయ్ బండి అన్న గ్లాసులు కడిగే బకెట్ నీళ్ళు తెచ్చి ఒక్కసారిగా గుమ్మరించాడు. అప్పుడు విడిపోయాయి.

రాజా కుడిచెవి చీలి వేలాడుతోంది. నా అరచేతిలోంచి రక్తం. ఆ పెద్దమనిషి తన కుక్క బెల్టు పట్టుకుని, ‘ఎప్పుడూ ఇట్ల చెయ్యలేదు’ అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. మొదటిసారి అనేది ప్రతిదానికీ ఉంటుంది కదా!

ఎవరి పన్నో!

కొళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కోమన్నారు టీచరుగారు, గడియారం చూసి లెక్కపెడుతూ. తర్వాత నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి పరుగెత్తాను. హైదరాబాదులో కుక్క కరిస్తే పెద్దవాళ్ళు మొదట చెప్పే చోటు అదే. ‘ఏ కుక్క కరిచిందమ్మా?’ అని డాక్టరుగారు అడిగితే తెల్లమొహం వేశాను. నిజంగానే తెలీదు. అది కరిచిందో, కంగారులో మా పింకీయే కరిచిందో! ‘ఏదైనా ఒకటే’ అన్నారాయన. రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, ఆపైన మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా. రేబిస్ లక్షణాలంటూ బయటపడ్డాక బతికేవాళ్ళు దాదాపు ఉండరు కాబట్టి ‘పెంపుడు కుక్కేగా’ అని ఊరుకోకూడదన్నారు. 1885లో లూయీ పాశ్చర్ ఈ టీకాను మొదటిసారి ఓ తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఇచ్చాడట. క్యూలో నా ముందు నిలబడిందీ ఆ వయసు పిల్లాడే. మేనమామ ఇంట్లో కుక్క కరిచిందట. ‘అది ఏం చెయ్యదని చెప్పారక్కా’ అన్నాడు.

నా చెయ్యి మానింది. రాజా చెవికి కుట్లు పడ్డాయి, అదీ మానింది. కానీ మర్నాటి నుంచీ రాజా గేటు దాటలేదు. గొలుసు చూస్తే ఎగిరి గంతేసేవాడు, ఇప్పుడు మంచం కిందికి దూరుతున్నాడు. కిటికీలోంచి టీచరుగారు రోజూ అడిగేవారు, ‘ఇవాళైనా వచ్చాడా?’ అని. ఆవిడ ఒక్కసారైనా నన్ను తప్పుపడితే బావుండేది. పట్టలేదు.

నేర్చుకున్న పాఠాలు

కుట్లు విప్పేరోజు పశువుల డాక్టరుగారికి నా గోడు చెప్పుకున్నాను. ఆయన చెప్పినవీ, నేను పడి లేచి నేర్చినవీ మీకూ పనికొస్తాయేమో!

మొదటిది, మూడింటినీ ఒకేసారి తీసుకెళ్ళడం మానేశాను. ‘ఆపద వస్తే ఎన్నింటిని ఆపగలరో అన్నింటినే తీసుకెళ్ళండి’ అన్నారాయన. గొలుసు కట్టిన కుక్కకు పారిపోయే దారి లేదని తెలుసు, అందుకే అది తెగించి పోట్లాడుతుందట. పక్కన తోడుంటే మరీనూ. ఇప్పుడు చిట్టి, పింకీ ఒక ట్రిప్పు. రాజాది విడిగా. గొలుసు మణికట్టుకు చుట్టడం బంద్, గుప్పిట్లోనే.

రెండోది, దూరంగా చూడటం. గొలుసు లేని కుక్క కనబడగానే ఆగి ఆలోచించను, రోడ్డు దాటేస్తాను. దారి లేకపోతే నిలబెట్టిన కారు వెనక్కి పోతాను. నావాటిని నా వెనక్కి తీసుకుని, దాని కళ్ళలోకి చూడకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడతాను. పరుగు మాత్రం పెట్టను. జేబులో బిస్కెట్ ముక్కలుంటాయి. వచ్చేది ఒక్కటే అయితే గుప్పెడు తీసి దాని ముందు నేల మీద చల్లుతాను. అది వాసన చూసుకునేలోపు మేం సందు మలుపు తిరుగుతాం. గుంపుగా వస్తే ఆ పని చెయ్యను, బిస్కెట్ల కోసం అవే కొట్టుకుంటాయి.

మూడోది గొడుగు. ఎదురుగా టప్పున తెరిస్తే చాలా కుక్కలు ఆగిపోతాయి. అయితే ఇంట్లో ముందుగా మన కుక్కలకు అలవాటు చెయ్యాలి. లేకపోతే మొదట పారిపోయేవి అవే! చిన్న కుక్కను గబుక్కున చంకలోకి ఎత్తుకోవడమూ ప్రమాదమే, అవతలిది మన మీదికే దూకుతుంది. ఎత్తుకోక తప్పదనుకుంటే గేటు లోపలికో కారు అవతలికో వెళ్ళాకే. ఇక కొట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టకూడదు. నీళ్ళు గుమ్మరించాలి. అదీ కుదరకపోతే ఇద్దరు మనుషులు చెరొకదాని వెనక కాళ్ళు పట్టుకుని ఒకేసారి వెనక్కి లాగాలి.

చట్టం కూడా ఊరుకోలేదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా జాగ్రత్తపడని యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, అయిదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వెయ్యొచ్చని భారతీయ న్యాయసంహిత 291వ సెక్షన్ చెబుతోంది. ‘కేసు పెట్టు’ అని ఆఫీసులో అందరూ అన్నారు. పెట్టలేదు. ఎందుకో చెప్పాలి.

నేనూ అన్నాను

టీచరుగారి కుక్కలు నా చేతికి రాకముందు మాట. చిట్టిని పక్కనున్న మైదానంలో గొలుసు విప్పి వదిలేదాన్ని. స్వేచ్ఛగా పరుగెత్తుతుంటే ముచ్చటగా ఉండేది. ఓ రోజు అది వాకింగ్‌కి వచ్చిన ఓ పెద్దాయన వైపు పరుగు తీసింది. ఆయన చేతికర్ర అడ్డం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. నేను దూరం నుంచే నవ్వుతూ అరిచాను.

‘ఏం చెయ్యదండీ!’

చిట్టి నిజంగానే ఏమీ చెయ్యలేదు. తోకూపుతూ ఆయన చుట్టూ తిరిగిందంతే. ఆయన మాత్రం వెల్లకిలా పడిపోయారు. కళ్ళజోడు పగిలింది. లేపబోతే చెయ్యి విదిలించుకుని, ‘దానికేం తెలుసమ్మా, నీకు తెలియాలి గానీ’ అన్నారు. ఆ తర్వాత ఆయన ఆ మైదానంలో మళ్ళీ కనబడలేదు. అప్పట్లో ‘పెద్దాయనకు మరీ భయం’ అని టీచరుగారితో చెప్పుకుని నవ్వాను కూడా. రాజా మంచం కింద దూరిన రోజు గానీ ఆ మాట నాకు అర్థం కాలేదు.

మన కుక్క మనల్ని ఏమీ చెయ్యదు. దాని సంగతి మనకు తెలిసింది అంతవరకే. ఎదుటి మనిషికి గుండె జబ్బుందో, చిన్నప్పుడు కుక్క కరిచిందో, వాళ్ళ చేతిలో గొలుసు చివర ఓ ముసలి ప్రాణం ఉందో మనకేం తెలుసు? గొలుసు కుక్క కోసం కాదు. ఎదురొచ్చేవాళ్ళకు మనమిచ్చే మాట అది.

రాజా రెండు నెలలకు గేటు దాటాడు. ఇప్పుడు కరెంటు స్తంభం దాకా వస్తాడు. అక్కడ ఆగి నా మొహంలోకి చూస్తాడు. సరే, అంతే చాలని ఇద్దరం వెనక్కి తిరుగుతాం. కిటికీలోంచి టీచరుగారు చూస్తుంటారు.

మొన్న ఆ స్తంభం దగ్గరే, స్కూలు యూనిఫాంలో ఉన్న ఓ చిన్నపాప గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

‘ఆంటీ... కుక్క ఏం చెయ్యదు కదా?’

గొలుసు దగ్గరికి లాక్కుని, రాజాను గోడవైపు కూర్చోబెట్టాను.

‘నేను పట్టుకున్నానమ్మా. ముందు నువ్వెళ్ళు’ అన్నాను.