షాక్ ఒకటా... రెండా?

బొర్రా గుహలు చూసి బయటికొచ్చినవాళ్లని పలకరించే మొదటి మాట... 'కటికి వస్తారా సార్?'

గోస్తనీ నది కొండ మీంచి దూకే చోటు కటికి. దూరం ఎంతో లేదు కానీ మామూలు కార్లు ఆ దారి పట్టవు. రాళ్లు, గుంటలు, వానొస్తే బురద. అక్కడ జీపులదే రాజ్యం. అలాంటి జీపొకటి ఈ తండ్రీకొడుకులకి అన్నం పెడుతోంది. తండ్రి ఇరవై ఏళ్లు తోలాడు. రెండేళ్ల కిందట నడుం మొరాయించింది. స్టీరింగు కొడుకు చేతికొచ్చింది.

డిసెంబరులో ఓ ఆదివారం. విశాఖ నుంచి వచ్చిన కుటుంబం జీపెక్కింది. వెనక సీట్లో ఓ బామ్మ. దిగువలో చక్రం గుంటలో పడింది. లేచింది. అక్కడితో ఆగితే బాగుండేది... మళ్లీ కుంగి మళ్లీ లేచింది. ఆ రెండో ఎగుడుకి బామ్మ తల పైనున్న ఇనుప కడ్డీకి ఠంగున తగిలింది. రక్తం రాలేదు కానీ బొప్పి కట్టింది. మనవరాలు తడిగుడ్డ అద్దుతుంటే ఆవిడ 'నీ తప్పేముంది నాయనా, దారే అలా ఉంది' అంది. ఆ రోజు కిరాయి అతను తీసుకోలేదు. తిట్టినా బాగుండేది. ఆ మంచిమాటే అతనికి నిద్ర లేకుండా చేసింది.

అర్ధరాత్రి ఫోనులో వీడియోలు చూస్తుంటే ఎడారిలో ఇసుక తిన్నెల మీంచి ఎగిరి దూకుతున్న రేసు కారు కనిపించింది. పడ్డచోట కుదురుగా నిలబడింది. ఆపి, పెద్దది చేసి చూశాడు. ఒక్కో చక్రానికి రెండేసి షాక్ అబ్జార్బర్లు! అంతే, దారి దొరికిందనుకున్నాడు. జీపుకీ నాలుగు చక్రాలకి రెండేసి పెట్టిస్తే సరి. డబ్బో? భార్య పాడిన చీటీ సొమ్ము ఉంది. వానలొచ్చేలోగా ఇంటి కప్పుకి రేకులు మార్పించాలని దాచింది. ఆమె ఏమీ అనలేదు. తీసిచ్చింది.

అన్నది తండ్రే. 'రెండెందుకురా? ఇరవై ఏళ్లు నేను ఒక్కదాంతోనే తోల్లేదేటి?'

'అందుకే కదా నాన్నా, నీ నడుం అలాగైంది!'

నోరు జారాక వెనక్కి తీసుకునే వీల్లేదు. ఆ పూట ఇంట్లో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఘాటు దిగితే ఎస్.కోట. అక్కడ ఓ పాత షెడ్డు. జీపుల నాడి తెలిసిన మేస్త్రీ. మర్నాడు ఇద్దరూ అక్కడికెళ్లారు, ఒకే సీట్లో చెరో పక్కకి చూస్తూ. కొడుకు సంగతంతా చెప్పి 'బాబాయ్, చాసిస్‌కి బ్రాకెట్లు వెల్డింగ్ చేసెయ్' అన్నాడు. మేస్త్రీ టీ తాగడం ఆపలేదు.

'బరువు ఏది మోస్తాదిరా జీపులో?'

'షాకులే కదా!'

'కాదు. కమాన్ పట్టీలు.'

చాలామంది పొరబడేది ఇక్కడే. బండి బరువూ, మనుషుల బరువూ మోసేది స్ప్రింగు. జీపులోనైతే ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాన్ పట్టీలు. గుంట రాగానే అవి వంగుతాయి, వంగినదాన్ని విసురుగా వెనక్కిస్తాయి. వదిలేస్తే ఊగుతూనే ఉంటాయి. ఆ ఊగులాటకి కళ్లెం వేసేదే షాక్ అబ్జార్బర్. గొట్టంలో నూనె, అందులో సన్నటి దారులున్న పిస్టన్. చక్రం లేచినా పడినా నూనె ఆ ఇరుకు దారుల్లోంచి ఒరుసుకుంటూ పోవాలి. ఆ ఒరిపిడిలో కుదుపు కాస్తా వేడిగా మారిపోతుంది. అంటే షాక్ చేసే పని, కుదుపుని వేడి చేసి గాలికి వదిలెయ్యడం!

మరి రేసు కార్లకి రెండెందుకు? ఆ వేడి కోసమే. మెక్సికోలో బాహా ద్వీపకల్పం పొడవునా 1967 నుంచి ఎడారి పందెం జరుగుతోంది. 1971లోనూ 1972లోనూ పార్నెల్లీ జోన్స్, బిల్ స్ట్రాప్ జంట 'బిగ్ ఓలీ' అని పిలిచే ఫోర్డ్ బ్రోంకోతో గెలిచింది. అలాంటి చోట గుంటల మీద గంటల తరబడి పెద్ద వేగంతో పోవాలి. ఒక్క షాక్ అయితే నూనె సలసలా కాగి, పలచబడి, నురగ కట్టి చేతులెత్తేస్తుంది. రెండుంటే పని పంచుకుంటాయి. ఒకటి పోయినా రెండోది గమ్యం దాకా లాక్కొస్తుంది. అందాజుగా బిగించేవి కావవి. రెండూ కలిసి ఎంత పట్టు పట్టాలో చూసుకుని లోపలి కవాటాలని సరిచేస్తారు. 1980లలో అమెరికాలో మామూలు రోడ్ల మీద తిరిగే ట్రక్కులకీ ఆ మోజు అంటుకుంది. బ్రోంకో కొనేవాళ్లు కావాలంటే ముందు చక్రాలకి రెండేసి షాకులు కంపెనీయే ఇచ్చింది. వాటిలో ఎన్ని ఎడారి మొహం చూశాయన్నది వేరే సంగతి!

కటికి దారిలో జీపు మనిషి నడకకంటే కాస్త జోరుగా పోతుంది. అక్కడ నూనె కాగేంత పనెక్కడిది? పైగా ఇందులో ఓ తిరకాసుంది. షాక్ పట్టు కుదుపు వేగాన్ని బట్టి ఉంటుంది. మెల్లగా ఎక్కి దిగితే రెండోది ఉన్నా లేనట్టే. గుంటలో దభీమని పడ్డప్పుడు మాత్రం రెండూ కలిసి మొండికేస్తాయి. చక్రం నేలని అంటిపెట్టుకోవడం మాని ఎగురుతుంది. ఆ దెబ్బ నేరుగా సీట్లోకొస్తుంది. అంటే బామ్మ తలకి ఇంకో బొప్పి! ఇక కొలత చూడకుండా పొట్టి షాక్ బిగిస్తే, చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు ఇరుసూ చక్రాల బరువు దానికే వేలాడుతుంది. వెల్డింగు విరిగేది అప్పుడే.

(అన్నట్టు, దుకాణాల్లో 'ట్విన్ ట్యూబ్' అనే మాట వింటే రెండు షాకులనుకోకూడదు. ఒకే షాక్‌లో గొట్టంలో గొట్టం, అంతే. నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ నింపిన రకాలూ ఉన్నాయి.)

మేస్త్రీ జీపు కిందికి దూరాడు. వెనక షాకులు రెండూ విప్పి తెచ్చాడు. నూనె కారి, దానికి దుమ్ము పట్టి నల్లగా ఉన్నాయి. చివర్ల రబ్బరు బుష్షులు అరిగి వదులయ్యాయి. ఒకటి నిలబెట్టి కొడుకు చేతికిచ్చాడు.

'లాగు.'

లాగాడు. సైకిలు పంపులా సర్రున వచ్చేసింది. నొక్కితే అంతే సులువుగా దిగిపోయింది. తర్వాత అరలోంచి కొత్తది తీసిచ్చాడు. దాన్ని లాగడానికి మోచేతులు బిగించాల్సొచ్చింది. నొక్కినా తాపీగానే కదిలింది.

'రెండు పెట్టమన్నావు. నీ బండికి ఒకటే లేదు' అన్నాడు మేస్త్రీ. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. 'ఎన్నేళ్లైంది బావా, మార్చి?'

పెద్దాయన లెక్క కట్టలేదు. పాత షాక్ చేతిలోకి తీసుకుని తనూ లాగాడు, నొక్కాడు. మళ్లీ లాగాడు. 'కారుతుందని తెలుసు. బండి నడుస్తుంది కదాని ఊరుకున్నాను' అన్నాడు. ఇంకో చెయ్యి నడుం మీదికెళ్లింది. కొడుకు చూడనట్టే ఉండిపోయాడు.

నాలుగు చక్రాలకీ ఒక్కొక్కటే... కొత్తవి పెట్టారు. బుష్షులు మార్చారు. బిగుసుకుపోయిన షాకిల్ పిన్నులకి గ్రీజు ఎక్కించారు. చీటీ డబ్బులో మిగిలింది పోనిస్తే రేకులకి సగం దాకా వస్తుంది. బేరం మాత్రం కమాన్ దగ్గర తెగలేదు. పట్టీలు చదునైపోయాయి. పదిమందిని ఎక్కిస్తే ఇరుసెళ్లి చాసిస్ కింద రబ్బరు దిమ్మని కొడుతోంది. దానికి ఏ షాకూ అడ్డం పడలేదు.

'ఇంకో పట్టీ వేసెయ్ బాబాయ్.'

'వేస్తాను. ఖాళీ బండి రాయిలా అయిపోద్ది. ఇద్దర్ని తగ్గించు.'

ట్రిప్పుకి ఇద్దరి కిరాయి! సంక్రాంతి ముందు! ఘాటు ఎక్కుతున్నంతసేపూ కొడుకు లెక్కలేసుకుంటూనే ఉన్నాడు. ఈసారి తండ్రి కల్పించుకోలేదు.

పండగ రద్దీ మొదలైన రోజు జీపులో ఎనిమిదిమందే ఎక్కారు. తొమ్మిదో మనిషి వచ్చి అడిగితే వెనక జీపు చూపించాడు. ఆ జీపు డ్రైవరు నవ్వుకున్నాడు కూడా. మూడు ట్రిప్పులయ్యాక అతను బండి కిందికి వంగి నాలుగు షాకుల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. పాలు తోడేసేంత గోరువెచ్చన. చెయ్యి తియ్యాల్సిన పని లేదు. రేసు కారు సంగతి అక్కడితో వదిలేశాడు.

సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి బేరం లేదు. 'నాన్నా, వస్తావా?' అన్నాడు. తండ్రి ముందు సీటు వైపు వెళ్లి, ఆగి, వెనక్కి నడిచి బామ్మ కూర్చున్నచోట కూర్చున్నాడు. కడ్డీ పట్టుకున్నాడు. జీపు దిగువకొచ్చింది. గుంటలో పడింది. లేచింది. నిలబడింది.

కొడుకు అద్దంలో చూశాడు. 'ఎలా ఉంది?'

'ఆ నల్లరాయి దగ్గర ఎడమకి కొయ్యి' అన్నాడు తండ్రి.