కంప్యూటరుకు నీళ్ళు కట్టిన కథ

(బి.ఎస్సీ. ఫిజిక్స్, తృతీయ సంవత్సరం విద్యార్థి)

నీళ్ళూ కరెంటూ ఒకచోట చేరగూడదని చిన్నప్పటినుంచీ పెద్దలు చెబుతూనే ఉన్నారు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దంటారు. మోటారు షెడ్డులోకి వట్టికాళ్ళతో పోవద్దంటారు. అటువంటిది, 84 వేల రూపాయలు పోసి సమకూర్చుకున్న కంప్యూటరు లోపలికి ఒక పంపూ, నాలుగు గొట్టాలూ పెట్టి నీళ్ళు పారించానంటే, "వీడికి మతిగాని పోయిందా?" అని మీరనుకున్నా నేను నొచ్చుకోను. మా ఊళ్ళో చాలామంది అలాగే అనుకున్నారు. హాస్టలు మిత్రులు అనుకున్నది మాత్రం వేరు. "రైతుబిడ్డవు, ఆటలాడుకునే కంప్యూటరుకు నీకెందుకురా ఇన్ని షోకులు?" అన్నారు. మొదటి ప్రశ్నకు ఫిజిక్సులో జవాబుంది. రెండో ప్రశ్న అంత తేలిక కాదు. ముందు తేలికైనది చూద్దాం.

అసలు కంప్యూటరుకు నీళ్ళెందుకు? నేను కొన్న ప్రాసెసరు రైజెన్ 7 5800ఎక్స్, ఏఎండీ కంపెనీ 2020లో విడుదల చేసినది. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తే 142 వాట్ల దాకా కరెంటు తీసుకుంటుంది. ఇంట్లో తిరిగే రెండు సీలింగు ఫ్యాన్లంత. "ఓస్, ఇంతేనా!" అనుకుంటాం. కాని ఫ్యాను గాలి విసురుతుంది, మోటారు నీళ్ళు తోడుతుంది. ప్రాసెసరు బరువు ఎత్తదు, చక్రం తిప్పదు. తిన్న కరెంటంతా వేడిగా మార్చి బయటికి వదులుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం పుట్టేది సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కలో, అంటే వేలిగోరంత జాగాలో. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు దాదాపు 200 చదరపు సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు పడతాయి. మన చిప్పులో అదే జాగాకు 100 వాట్లు దాటుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగేయకపోతే, 90 డిగ్రీల దగ్గర చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఎండకు సొమ్మసిల్లకుండా ఎద్దు నడక తగ్గించినట్టన్నమాట.

ఈ వేడిని లాగడానికి అందరూ వాడేది రేకుల దిమ్మె, దానిమీద ఫ్యాను. అది గాలితో పని. గాలికంటే నీరు ఎన్నో రెట్లు గట్టి కూలీ. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి పట్టే శక్తితో సుమారు 3500 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడి చేయవచ్చు. అంటే చిన్న గొట్టంలో పారే నీళ్ళు మోసే వేడిని గాలితో మోయించాలంటే గదినిండా గాలి కావాలి. ఈ ఉపాయం కుర్రకారు కనిపెట్టిందీ కాదు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటరును చల్లబరిచింది నీళ్ళే. 1985లో వచ్చిన క్రే-2 అయితే మరీ సాహసం. దాని బోర్డులను ఏకంగా ఫ్లోరినర్ట్ అనే, కరెంటు పారని ద్రవంలో ముంచేశారు.

ఇక నా సామాను. ప్రాసెసరు నెత్తిన కూర్చునే రాగి బ్లాకు, దాని కడుపులో వెంట్రుకల్లాంటి సన్నని కాలువలు. 12 వోల్టుల చిన్న పంపు, దానిమీదే నీళ్ళ తొట్టి. రెండు ఫ్యాన్లు పట్టే 240 మిల్లీమీటర్ల రేడియేటరు. మెత్తని గొట్టాలు, వాటిని బిగించే ఇత్తడి ఫిట్టింగులు. పంపు తోసిన నీళ్ళు బ్లాకులో వేడి ఎత్తుకుని, రేడియేటరులో దించి, మళ్ళీ తొట్టిలోకి వస్తాయి. గ్రాఫిక్సు కార్డు సెకండ్‌హ్యాండుది. దానికి కూడా నీళ్ళు కట్టే స్తోమత లేక దాని ఫ్యాన్లకే దాన్ని వదిలేశాను.

ఈ సామానంతా మంచంమీద పరిచినప్పుడు మా నాన్న వచ్చి చూశాడు. ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఏందిరా, ఇది మన ట్రాక్టరేగదా!" అన్నాడు. అక్షరాలా నిజం. ఇంజను బదులు చిప్పు, అంతే తేడా. సెమిస్టరు మొత్తం థర్మోడైనమిక్సు చదివి నేను తెలుసుకున్నది ఆయన చూపుతోనే పట్టేశాడు.

డబ్బు సంగతి దాచడం ఎందుకు? మాది పల్నాడు. మిరప, పత్తి వేస్తాం. 2021లో నల్లతామర పురుగు వచ్చి మిరపతోటలను ఊడ్చిపెట్టిన ఏడు నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. కాబట్టి ఇంట్లో అడగకుండా, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టాను. సెలవుల్లో మిరపకోతకు దిగితే, బయటి మనిషికి ఇవ్వాల్సిన కూలి అమ్మ నా పేర పక్కన పెట్టేది. అలా 66 వేలు పోగయ్యాయి. నీళ్ళ సామానుకు ఇంకా 18 వేలు కావాలి. సరిగ్గా అప్పుడే, 2025 ఫిబ్రవరిలో, గుంటూరు యార్డులో మిరప ధర పడిపోయింది. మా టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి.

"మామూలు ఫ్యాను రెండున్నర వేలకు వస్తుందని నువ్వే అంటివి గదా, అది చాలదా?" అంది అమ్మ. చాలుతుంది. ఆ మాటే చెప్పాను. "మరి దీనివల్ల నీకేమొస్తుంది?" అన్నాడు నాన్న. "ఏమీ రాదు నాన్నా. సొంతంగా కట్టి చూడాలని ఉంది. అంతే." చదువుకు పనికొస్తుందనో, ఉద్యోగం వస్తుందనో చెప్పి ఉండవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఆయన ముఖం చూస్తూ ఆ మాట అనబుద్ధి కాలేదు. ఆయన ఏమీ అనకుండా తుండుగుడ్డ భుజాన వేసుకుని పొలం వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత 18 వేలూ దిండుకింద కనిపించాయి.

నీళ్ళు ఏవి పోయాలన్నది తరువాతి సమస్య. మా బోరు నీళ్ళు బిందెకు తెల్లటి పెచ్చు కడతాయి. వెంట్రుకవాసి కాలువల్లో ఆ పెచ్చు కడితే రెణ్ణెల్లలో సర్వం బంద్. అందుకని డిస్టిల్డ్ వాటరు తెచ్చి, పాచి పట్టకుండా, లోహం తినకుండా ఉండే మందులు కొలిచి కలిపాను. మొత్తం కలిపి ముప్పావు లీటరు పట్టలేదు. ఇంకొక్క జాగ్రత్త. బ్లాకు రాగిది, రేడియేటరు అల్యూమినియంది అయితే ఆ రెండూ నీళ్ళద్వారా కలిసి బ్యాటరీలాగా పనిచేస్తాయి. అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. కొనేవాళ్ళు చవకకు ఆశపడకుండా రాగి, ఇత్తడి చూసి కొనుక్కోవాలి.

బిగించాక వెంటనే కంప్యూటరు ఆన్ చేయకూడదు. పవర్ సప్లయిలో 24 పిన్నుల ప్లగ్గు ఉంటుంది. దాన్ని బోర్డుకు పెట్టకుండా, అందులో ఆకుపచ్చ తీగ పిన్నునూ పక్కనున్న నల్ల తీగ పిన్నునూ చిన్న తీగముక్కతో కలిపితే సప్లయి మేలుకుంటుంది. బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిరుగుతుంది. ప్రతి కీలుకిందా కాగితపు రుమాళ్ళు పరిచి, ఒక రోజంతా చూడాలి. ఎక్కడ చెమ్మ కనిపించినా బోర్డుకు ప్రమాదం లేదు. తుడిచి మళ్ళీ బిగించుకోవచ్చు.

ఈ పరీక్షలోనే అసలు చిక్కు వచ్చిపడింది. తొట్టినిండా నీళ్ళు పోశాను. పంపు గుర్రుమంటోంది. నీళ్ళు మాత్రం కదలవు. ఈ పంపుల బేరింగులకు నీళ్ళే నూనె. వట్టిగా తిరిగితే నిమిషాల్లో పాడవుతాయి. వెంటనే ఆపేశాను. పుస్తకాల్లో చదివినవన్నీ తలుచుకుంటున్నాను. పొలంనుంచి వచ్చిన నాన్న గుమ్మంలోనే నిలబడి, "ఇంకోసారి వెయ్యి" అన్నాడు. ఒక్క క్షణం విన్నాడు. "గాలి పట్టిందిరా. బావికాడ మోటారు ఇట్టాగే ఏడ్చేది. గాలి తియ్యాల."

సెంట్రిఫ్యూగల్ పంపు నీళ్ళను తోస్తుందే గాని గాలిని తోయలేదు. ఫుట్‌వాల్వు కారిపోయిన రోజు మోటారు నెత్తిన బిందెలతో నీళ్ళు పోసి గాలి వెళ్ళగొట్టడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో! నాన్న కంప్యూటరు పెట్టెను పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి, తొట్టి పైకి ఉండేటట్టు పక్కకు వాల్చాడు. "ఇప్పుడు వెయ్యి... ఆపు... వెయ్యి." నేను స్విచ్చి దగ్గర, ఆయన పెట్టె దగ్గర. నాలుగోసారి రేడియేటరులోనుంచి బుడబుడమంటూ బుడగలు తొట్టిలోకి వచ్చాయి. నీళ్ళు సర్రున లాగాయి. ఇంకో గ్లాసెడు పోశాం. పంపు గొంతు మారి మెత్తబడింది. "ఎత్తుకుంది" అన్నాడు నాన్న. కాలువలో నీళ్ళు పారినప్పుడు ఆయన ముఖంలో కనిపించే ఆ తీరు వెలుగే కనిపించింది.

మరునాటికి రుమాళ్ళన్నీ పొడిగానే ఉన్నాయి. బోర్డుకు ప్లగ్గు పెట్టాం.

ఇప్పుడు చాలామందికి ఉన్న భ్రమ ఒకటి చెప్పాలి. నీళ్ళు పెడితే కంప్యూటరు "కూల్" అయిపోతుందనుకుంటారు. ఇది కూలరు కాదు, ఫ్రిజ్జు అంతకన్నా కాదు. నీళ్ళు వేడిని మోస్తాయేగాని చంపవు. మే నెలలో మా గది 38 డిగ్రీలుండగా పూర్తి పని చెప్పి కొలిస్తే, నీళ్ళు 47 డిగ్రీలకు, చిప్పు 84కు చేరాయి. డిసెంబరులో గది 24 ఉన్నప్పుడు నీళ్ళు 33, చిప్పు 70. గదికీ నీళ్ళకూ తేడా రెండుసార్లూ 9 డిగ్రీలే! రెంటచింతల ఎండలు మాకు దూరం కాదు. ఆ ఎండలో ఎంత ఖరీదు రేడియేటరైనా గదికంటే చల్లని నీళ్ళివ్వలేదు. ఇంకో లెక్క. నిమిషానికి రెండు లీటర్లు పారితే 142 వాట్లు ఆ నీటిని పెంచేది సుమారు ఒక్క డిగ్రీ మాత్రమే. కాబట్టి గొట్టం ముందు ఏది, వెనక ఏది అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు.

మరి ఆ వేడి ఎటు పోతోంది? ఈ ప్రశ్న వేసింది మా నాయనమ్మ. ఆమె మంచం అదే గదిలో. "ఒరే మనవడా, నీ పెట్టె ఆవిరి పొయ్యిలా ఊదుతోందిరా" అంది. పెట్టెను కిటికీకి జరిపి, రేడియేటరు గాలి బయటికి పోయేటట్టు తిప్పాం.

ఇక మా నాన్న ఆట చూసిన రోజు. ఫార్మింగ్ సిమ్యులేటర్ 25 అని, 2024లో వచ్చిన సేద్యం ఆట. స్విట్జర్లాండు కంపెనీవాళ్ళు తయారు చేసినది. అందులో వరిమడికి నీళ్ళు పెట్టవచ్చు, యంత్రంతో నారు నాటవచ్చు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట చూశాడు. ట్రాక్టరు తిప్పే చోట నా చేతిని సరిదిద్దాడు కూడా. పంట అమ్మే ఘట్టం వచ్చింది. ధరలన్నీ తెరమీద ముందే కనబడతాయి. ఎక్కువిచ్చే చోటికి బండి తోలుకుపోవడమే.

"తామర పురుగు రాదా దీంట్లో?" అన్నాడు.

"రాదు నాన్నా."

"కమీషనుకొట్టు?"

"లేదు."

కాసేపు ఊరుకుని, "బాగుంది. ఇట్టాంటి ఊళ్ళో కౌలుకన్నా చెయ్యొచ్చు" అని నవ్వాడు. నేను కూడా నవ్వాను గాని, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు అప్పటికింకా అమ్మలేదు.

హాస్టలు మిత్రుల ప్రశ్నకు నేను జవాబు వెతుక్కుంటూ ఉంటే, అది నాయనమ్మ దగ్గర దొరికింది. "మీ నాన్న పెళ్ళికాకముందు తొలి పత్తి డబ్బుల్తో టేపురికార్డరు కొనుక్కొచ్చాడు. మీ తాత మూడు రోజులు పలకలేదు. నాలుగోనాడు ఆయనే అడిగి హరికథ క్యాసెట్టు పెట్టించుకున్నాడు" అంది. దిండుకింద 18 వేలు ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది. రైతు ఇంట్లో ప్రతి రూపాయికీ ఎరువనో, మందనో, వడ్డీ అనో ఒక పేరుంటుంది. పేరులేని రూపాయి ఒక్కటి మనసుకోసం ఖర్చుపెట్టుకునే హక్కు మాకూ ఉందని ఆయన నోటితో అనలేదు. చేతితో చెప్పాడు. ఆ హక్కు ధర ఎంతో నాకు తెలుసు కనుక, దాన్ని షోకు అనడానికి నేనొప్పుకోను.

మిత్రులారా, మీలో ఎవరికైనా ఈ సరదా ఉంటే సాహసించండి. డబ్బు చాలకపోతే ఫ్యానుతోనే కట్టుకోండి, ఆట అంతే బాగా సాగుతుంది. నీళ్ళు కట్టదలిస్తే మాత్రం ఫిట్టింగులకు అదనపు రబ్బరు రింగులు తెచ్చుకోండి. ఒక రోజు పరీక్ష మానకండి. ఏడాదికోసారి నీళ్ళు మార్చండి. పంపు శబ్దం తేడాగా ఉంటే, మీ ఊళ్ళో మోటారు ఎరిగిన పెద్దమనిషిని పిలిచి ఒకసారి వినమనండి. మా ఇంట్లో నీళ్ళు మార్చే పని ఈ ఏడు మిరపకోతలయ్యాక పెట్టుకున్నాం. పెట్టెను పక్కకు వాల్చే పని తనదేనని నాన్న ముందే చెప్పి ఉంచాడు.