రోజుకు పది పుటలు

గర్భిణీ స్త్రీ ఎక్కువగా చదివితే కళ్ళు నీరసిస్తాయని మా ఇరుగుపొరుగు పెద్దలంటారు. రోజంతా పొయ్యి సెగ ముందు నిలబడితే మాత్రం ఏమీ కాదట!

నాకిప్పుడు ఏడవ నెల. ఇద్దరు పిల్లల బడి, మామగారి పథ్యం, వచ్చిపోయే బంధువులు... వీటి నడుమ నాకు దక్కేవి రోజుకు పది పుటలు. ఫజ్ర్ నమాజ్ తర్వాత నాలుగు, మధ్యాహ్నం డాక్టరమ్మ చెప్పినట్లు ఎడమవైపు ఒత్తిగిలి విశ్రమించే వేళ ఆరు. పిల్లలు పెద్దవారయ్యాక తీరిగ్గా చదువుకోవచ్చు కదా అని కొందరు సోదరీమణుల హితవు. ఆ తీరిక ఎవరి ఇంటికి వచ్చిందో నేనింతవరకు చూడలేదు. బేగం రొకేయా (1880-1932) బాల్యంలో ఇల్లంతా నిద్రించాక అన్నగారి వద్ద రహస్యంగా ఆంగ్లం నేర్చుకున్నారు. 1905లో మద్రాసు పత్రికలో అచ్చయిన ఆమె ‘సుల్తానాస్ డ్రీమ్’ను ఈ నెలలోనే, పప్పు ఉడికే వ్యవధిలో కొంత, పిల్లలు నిద్రించాక కొంత చదివి ముగించాను.

మా అత్తగారు ప్రతిదినం అరబీలో ఖుర్ఆన్ పారాయణం చేస్తారు. తెలుగు చదవడం రాదు. ఒకనాడు ఆమె చెంత కూర్చుని మర్యమ్ సూరా అనువాదం పైకి చదివాను. ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదటికి చేరిన ఆ తల్లి ఆక్రోశం విని, బియ్యం ఏరుతున్న చేతులు ఆపేశారు. ఇన్నేళ్ళుగా తన నాలుకపై ఆడిన మాటలకు అర్థం ఇదా అని అడిగారు.

నాటి నుండి మధ్యాహ్నపు ఆరు పుటలు మా ఇద్దరివీ. నేను వంటింటి వైపు చూస్తే, “ముందు చదువు బేటీ, గిన్నెలు ఎక్కడికీ పోవు” అంటారు. నిన్న లుఖ్మాన్ సూరా ప్రారంభించాం.