ఎక్కువ వచ్చిన చిల్లర

పే ఫోను పెట్టెకు కింది మూల చిన్న గూడు ఒకటి ఉండేది. దానికి వేలాడే రేకు తలుపు. ఫోను చేసే పని ఉన్నా లేకున్నా, అటుగా వెళ్ళేవాళ్ళు ఆ తలుపును వేలితో లోపలికి తోసి ఓసారి తడిమి చూసేవాళ్ళు. అవతలివాళ్ళు ఫోను ఎత్తకపోతే వేసిన నాణెం ఆ గూట్లోకే తిరిగి పడేది. తొందరలో ఎవరైనా తీసుకోకుండా వెళ్ళిపోయి ఉండకపోతారా అని ఆశ. విమానాశ్రయాల్లో ఫోన్లు బారుగా ఉండేచోట పిల్లలు ఆ చివర నుంచి ఈ చివరిదాకా తడుముకుంటూ పోయేవాళ్ళు. తల్లులు కసురుకునేవాళ్ళు గానీ, మరీ గట్టిగా కాదు. పావలా దొరికితే ఆ రోజు కలిసొచ్చినట్టే. క్వార్టర్‌ని మేము పావలా అనే అనేవాళ్ళం. డైముకీ నికెలుకీ మాత్రం ఎందుకో అలాంటి పేరు కుదరలేదు.

1999 నాటికి అమెరికాలో పే ఫోన్లు దాదాపు 20 లక్షలు. న్యూయార్క్ నగరం తనకంటూ మిగిలిన ఆఖరి ఫోనును 2022 మే 23న, టైమ్స్ స్క్వేర్ దగ్గర ఏడో ఎవెన్యూ మీద, పెకలించి లారీకెక్కించింది. ఎక్కించేముందు ఆ గూట్లో ఎవరైనా వేలు పెట్టి చూశారో లేదో.

గూట్లో దొరికిన పావలాకి సొంతదారు ఎవరో తెలియదు, కాబట్టి మనసుకి ఏమీ తగిలేది కాదు. దూరపు కాల్ వ్యవహారం అలా కాదు. ముందు ఆపరేటర్ చెప్పినన్ని నాణేలు వెయ్యాలి. ఆమెకు మనం కనపడం, నాణేలూ కనపడవు, చప్పుడే ఆధారం. మూడు రంధ్రాల పాత ఫోన్లలో నికెల్ వేస్తే గంట ఒకసారి, డైము వేస్తే రెండుసార్లు, క్వార్టర్ వేస్తే గుళ్ళో జేగంట లాంటి బరువైన మోత. మూడు నిమిషాలకు కట్టి, మాటల్లో పడి అంతకు రెట్టింపు మాట్లాడేసేవాళ్ళం. ఫోను పెట్టేసి నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి అది మోగేది. అదనపు నిమిషాలకు ఇంత అయింది, వెయ్యండి అని ఆపరేటర్. మాట్లాడాల్సింది మాట్లాడేశాం. ఆమెకు మన పేరు తెలియదు, మొహం తెలియదు. నడిచి వెళ్ళిపోతే అడిగే నాథుడు లేడు. వెనక్కి వచ్చి, జేబులు తడుముకుని, ఒక్కొక్క నాణెమే వేసినవాళ్ళను చూశాను. మోత వినపడనట్టే కారెక్కినవాళ్ళనూ చూశాను. చుట్టుపక్కల ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి తల తిప్పి, ఆ తరవాత నిర్ణయించుకునేవాళ్ళు మూడో రకం. ఎక్కువమంది వాళ్ళే.

ఇందులో రెండో పక్క కూడా ఉంది. ఫోను మన నాణెం మింగేసి కాల్ కలపకపోతే, ఆపరేటర్‌కి ఆ మాట చెబితే చాలు. రుజువేదీ అని అడిగేది కాదు, అడ్రసు అడిగేది. కొన్నాళ్ళకి కంపెనీ ఆ డబ్బు పోస్టులో పంపేది. 1975 ఆఖరి రోజున ఉత్తరానికి తపాలా బిళ్ళ 13 సెంట్లయింది. అప్పటికి చాలా ఊళ్ళలో లోకల్ కాల్ 10 సెంట్లే. పది సెంట్లు తిరిగివ్వడానికి పదమూడు సెంట్ల బిళ్ళ అంటించిన కాలం అది. ఇవాళ ఏ కంపెనీ మేనేజరుకైనా చెబితే మన ఆరోగ్యం గురించి కంగారు పడతాడు.

అంత నమ్మకంగా ఉన్న కంపెనీతో మనవాళ్ళు సరిగ్గా ఉన్నారా అంటే, చెప్పడం కష్టం. పర్సన్ టు పర్సన్ అని ఒక కాల్ ఉండేది. మనం పేరు చెప్పిన మనిషి లైన్లోకి వస్తేనే డబ్బు, ఆ మనిషి లేకపోతే పైసా పడదు. షికాగోలో విమానం దిగిన తమ్ముడు హ్యూస్టన్‌లో ఉన్న అన్నకి కాల్ బుక్ చేసి, లోకంలో లేని ఓ సుబ్బారావుని అడిగేవాడు. అన్న ‘ఆయన ఇంట్లో లేరండీ’ అనేవాడు. తమ్ముడు క్షేమంగా చేరినట్టు అన్నకి తెలిసిపోయింది, బిల్లు సున్నా. మా బంధువొకాయన ఇంకో మెట్టెక్కి ‘మిస్టర్ రేపొస్తాను’ కావాలని అడిగాడు. ఆపరేటర్ పాపం ఆ ఇంటిపేరు కూడబలుక్కుని పలికి అడిగితే, ఈ చివర మా వదిన నవ్వాపుకోలేక ఫోను చేతులు మార్చాల్సి వచ్చింది. ఆయనే కిరాణా కొట్లో డాలరు ఎక్కువ వస్తే పార్కింగ్ లాట్ నుంచి వెనక్కి నడిచి ఇచ్చి వచ్చేవాడు. ఫోను కంపెనీకి మొహం లేదు, కౌంటరు వెనక పిల్లకి ఉంది. తేడా అంతా అక్కడే అని నా నమ్మకం.

కౌంటరు అంటే గుర్తొచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడ చిల్లర ఇచ్చే తీరే వింతగా ఉండేది. మనం తీసివేత మనుషులం. పదిలోంచి ఆరు ముప్ఫై అయిదు పోతే మూడు అరవై అయిదు అని మనసులో అనుకుని, అంతా కలిపి చేతిలో పెట్టేస్తాం. ఇక్కడి క్యాషియరు కూడుకుంటూ వచ్చేది. ‘ఆరు ముప్ఫై అయిదు’ అని మొదలుపెట్టి, అరచేతిలో నికెల్ పెట్టి ‘నలభై’, డైము పెట్టి ‘యాభై’, రెండు క్వార్టర్లు పెట్టి ‘ఏడు’, ఆపైన ఒక్కో నోటూ పరుస్తూ ‘ఎనిమిది, తొమ్మిది, పది’ అని మనం ఇచ్చిన నోటు దగ్గరికి వచ్చి ఆగేది. మన చెయ్యి చాపి ఉంటుంది, ఆమె వేళ్ళు తగులుతుంటాయి, లెక్క ఇద్దరూ వింటుంటారు. తప్పు దొర్లితే ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఎంత ఇవ్వాలో మిషనే చూపించడం మొదలయ్యాక ఆ కూడిక పోయింది. అంకె చూసి గుప్పెడు తీసి రసీదు మీద పోసి ఇవ్వడం వచ్చింది. నోటు మీద రసీదు, రసీదు మీద నాణేలు. జారి పడకుండా పట్టుకోవడమే సరిపోయేది, ఇంక లెక్క చూసుకునేదెక్కడ?

దానికి తోడు ఇక్కడి నోట్లు. ఒకటైనా వందైనా ఒకే సైజు, ఒకటే ఆకుపచ్చ. ఇండియాలో రంగు చూసి, చీకట్లో అయితే సైజు తడిమి చెప్పగలిగినవాళ్ళం, ఇక్కడ మూల అంకె చూస్తేగానీ తేలేది కాదు. ఇరవై డాలర్ల నోటుకి లేతగా వేరే రంగు అద్దడం 2003లో, పదికి 2006లో, అయిదుకి 2008లో. ఒకటి నోటు ఇప్పటికీ పాత వేషంలోనే ఉంది. ఆ రోజుల్లో ఒకట్ల మధ్యలో పది వచ్చేయడం, కొత్త నోట్లు రెండు అతుక్కుని ఒకటిగా రావడం మామూలు. కారులో కూర్చుని పర్సులో సర్దుకునేటప్పుడు బయటపడేది. అప్పుడు మొగుడూ పెళ్ళాల మధ్య ఒక చిన్న సభ జరిగేది. వెనక్కి వెళ్ళడమా, మానడమా? బయట మంచు. వెనక సీట్లో పిల్లాడు నిద్ర.

చాలాసార్లు వెళ్ళడమే గెలిచేది, దానికి కారణం ధర్మశాస్త్రం కాదు. ఎక్కువ వచ్చిన డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో మనవాళ్ళలో చాలామందికి కౌంటరు అవతలి వైపు నిలబడి తెలుసు. చదువుకోవడానికి వచ్చి రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్లలో, మోటెళ్ళలో పని చేసినవాళ్ళు. షిఫ్టు దిగేముందు సొరుగు లెక్క తేల్చాలి. క్వార్టర్లు నలభై చుడితే పది డాలర్ల రోలు, పెన్నీలు యాభై చుడితే అర డాలరు. నోట్లు మొహాలన్నీ ఒకవైపు తిప్పి కట్ట కట్టాలి. మిషన్లోంచి వచ్చిన పొడుగాటి కాగితంతో అంకె కలవాలి. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. అప్పటికీ తగ్గితే కొందరు ఓనర్లు విసుక్కుని వదిలేసేవాళ్ళు, కొందరు జీతంలో పట్టుకునేవాళ్ళు. జీతం కనీస వేతనం కంటే కిందికి పోయేలా పట్టుకోకూడదని ఫెడరల్ చట్టం ఉంది. కానీ క్యాంపస్ బయట పని చేయకూడని వీసా మీద ఉన్న కుర్రాడు వెళ్ళి ఎవరితో చెప్పుకుంటాడు? 1981 నుంచి 1990 దాకా ఆ కనీస వేతనం గంటకు 3 డాలర్ల 35 సెంట్లు. మా పెదనాన్నగారబ్బాయి పది నోటు పట్టుకుని మంచులో వెనక్కి నడుస్తుంటే, ‘పోనిద్దూ అన్నయ్యా’ అన్నాను. ‘ఆ పిల్లకిది మూడు గంటల జీతంరా’ అన్నాడు. అంతకుముందు ఏడాది ఆయన సొరుగులో ఎంత తగ్గిందో నాకు తెలుసు కాబట్టి ఇంకేం మాట్లాడలేదు.

ఈ దేశానికి ఇలాంటి కథ ఒకటి ముందే ఉంది. ఇల్లినాయ్‌లో న్యూ సేలం అనే పల్లెటూళ్ళో కొట్టు గుమాస్తాగా ఉన్న రోజుల్లో అబ్రహాం లింకన్ ఒకావిడ దగ్గర ఆరుంపావు సెంట్లు పొరపాటున ఎక్కువ తీసుకుని, కొట్టు కట్టేశాక మైళ్ళు నడిచి ఇచ్చి వచ్చాడని ఆయన జీవిత చరిత్రల్లో చెబుతారు. ఆరుంపావు సెంట్లేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. అప్పట్లో ఇక్కడ స్పానిష్ వెండి నాణేలు కూడా చెలామణీ అయ్యేవి, ఆ లెక్క వాటిది. డాలరులో పదహారో వంతు, అంటే సరిగ్గా అణా అన్నమాట! కథ ఎంతవరకు జరిగిందో గానీ, ఆయన శతజయంతికి 1909లో బొమ్మ వేసింది మాత్రం అన్నిటికంటే తక్కువ విలువున్న నాణెం మీద. రాగి ఖరీదెక్కి 1982లో దాన్ని జింకుతో చేసి పైన రాగి పూత పూశారు. అయినా 2024లో ఒక్కో సెంటు తయారీకి మూడున్నర సెంట్లు దాటింది. 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చెలామణీ కోసం ఆఖరి పెన్నీ కొట్టి ఆపేశారు.

పెన్నీతోపాటే కౌంటర్ల మీద చిన్న పళ్ళేలూ మాయమవుతున్నాయి. కావలిస్తే ఒకటి తీసుకో, ఎక్కువైతే ఒకటి వదులు అనే పళ్ళెం. కాపలా లేదు, లెక్క లేదు. చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టే కొట్ల నుంచి వచ్చిన మనకి ఆ పళ్ళెం చూస్తే ముచ్చటేసేది. వీధి మొగల్లో పేపరు పెట్టెలదీ అదే నమ్మకం. ఒక్క పేపరుకి డబ్బులేస్తే తలుపు మొత్తం తెరుచుకునేది, ఒకటే తీసుకుంటావో కట్టంతా తీసుకుంటావో నీ ఇష్టం. ఆదివారం పేపర్లో కూపన్లు బాగా వచ్చిన వారం ఆ నమ్మకం కాస్త బీటలు వారేది. అందరి సంగతీ నేను చెప్పను.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకు ఇంకో అదృష్టం చట్టమే ఇచ్చింది. మిషిగన్ రాష్ట్రంలో 1976 నాటి చట్టం ప్రకారం కొట్లో దాదాపు ప్రతి వస్తువు మీదా ధర చీటీ అంటించి తీరాల్సి వచ్చేది. చీటీ మీద ఉన్నదానికంటే స్కానరు ఎక్కువ కొడితే ఆ తేడాతోపాటు దానికి పది రెట్లు, డాలరుకు తగ్గకుండా, అయిదు డాలర్లు మించకుండా కస్టమరుకి ఇవ్వాలి. క్యాంటన్‌లో మా పిన్నిగారు బిల్లు కొడుతున్నంతసేపూ తెర మీద నుంచి చూపు తిప్పేవారు కాదు. రెండుసార్లు గెలిచారు కూడా. అదే స్కానరు తక్కువ కొడితే ఏం చెయ్యాలో చట్టం చెప్పలేదు. ‘అప్పుడు నేను తెర చూడను’ అనేవారు ఆవిడ, నవ్వకుండా. 2011 సెప్టెంబరు 1 నుంచి చీటీలు అంటించాల్సిన పని తప్పించారు. పరిహారం ఉన్నా, చేతిలో చీటీ లేకపోయేసరికి ఆవిడకి ఆ ఆట మీద మనసు పోయింది.

రోడ్డు మీద దొరికిన పెన్నీలకీ, ఎవరిదో తేలని చిల్లరకీ మన ఇళ్ళలో ఒక ఖాళీ పచ్చడి సీసా ఉండేది. అది నిండితే పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో 1970ల్లో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేటప్పుడు హుండీలోకి. ఉంచుకోనూ లేదు, పారేయనూ లేదు. దేవుడి ఖాతాలో జమకట్టేశాం. మా తరం దీన్ని చాలా తెలివైన ఏర్పాటు అనుకునేది.

ఇప్పుడు కార్డు గీస్తాం, పొరపాటు పడదు. పడినా అది మనిషి చేసిన పొరపాటులా ఉండదు. ఆర్డరివ్వని సరుకు ఎవరైనా పోస్టులో పంపితే అది కానుక కిందే లెక్క అని 1970 నుంచీ ఇక్కడ చట్టం ఉంది. పంపి ఆనక డబ్బులు గుంజే కంపెనీల కోసం పెట్టింది అది. కానీ ఇప్పుడు కంపెనీలే అంతకంటే ఉదారంగా ఉన్నాయి. పొరపాటున వచ్చిన చవక వస్తువుని తిరిగి తెప్పించుకునే ఖర్చు కంటే వదిలేయడమే వాటికి లాభం.

కిందటేడు మా పక్కింటివాళ్ళకి సోనామసూరి ఒక బస్తా ఆర్డరిస్తే రెండు వచ్చాయి. ఆ ఇంటి అబ్బాయి వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి విజిటర్‌గా వచ్చి ఉన్నారు. తిరిగిచ్చేదాకా ఊరుకోలేదు. ఫోన్లో ఛాట్ చేస్తే ‘ఉంచుకోండి’ అని వచ్చింది. ఆవిడ ఒప్పుకోలేదు. ‘ఉంచుకోమన్నదెవరు, మనిషేనా?’ అన్నారు. కాదని తేలాక కొడుకుని వెంటబెట్టుకుని కొట్టుకే వెళ్ళారు. కౌంటరు దగ్గర కుర్రాడు చాలాసేపు కంప్యూటరులో వెతికి, అమ్మని సరుకుని వెనక్కి తీసుకోవడానికి ఇందులో దారి లేదన్నాడు, మర్యాదగానే. బస్తా మళ్ళీ కారెక్కింది. అక్కడి నుంచి నేరుగా గుడికి, అన్నదానం వంటింటికి. రసీదు రాసే వాలంటీరు ఎవరి పేరున రాయమంటారని అడిగితే ఆవిడ తడుముకోకుండా ఆ కొట్టు పేరు చెప్పారు. గోత్రం గడి దగ్గర కలం ఆగింది. తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం వేసేయమని పూజారిగారు లోపల నుంచి కేకేశారు.