వంకర పోయిన సబ్‌మెరైను



"సబ్‌మెరైను నమూనా ఎలాగ తయారుచేశావో గోడపత్రికకి వ్రాయరా" అని తెలుగు మాస్టారు అడిగారు. అదే వ్రాస్తున్నాను. కానీ అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని విడిచిపెట్టి వ్రాస్తే సగమే వ్రాసినట్టు. అందుకని రెండూ వ్రాస్తున్నాను.

మొన్న డిసెంబరులో మనం విహారయాత్రకి విశాఖపట్నం వెళ్లాం కదా. ఘాట్ దిగేటప్పుడు ఎవరెవరు వాంతులు చేసుకున్నారో ఇక్కడ వ్రాయను. బీచిలో ఇసుక ఒడ్డున నిలబెట్టిన ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే జలాంతర్గామిని చూశాం. అది సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 2001లో విరమించింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల ఏడు గదులు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. టార్పెడోలు వదిలే గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. సుమారు 75 మంది అందులోనే వండుకొని, తిని, పడుకొని రోజుల తరబడి నీటికింద ఉండేవారట. మన డార్మిటరీ ఇరుకని ఇంకెప్పుడూ అనకూడదనుకున్నాను.

నేను బోర్డు మీద ఉన్న కొలతలు అరచేతి మీద వ్రాసుకొని వచ్చాను. పొడవు 91.3 మీటర్లు. వెడల్పు 7.5 మీటర్లు. బస్సులోనే నాకు ఆలోచన వచ్చింది. మీటరుకి సెంటీమీటరు చొప్పున వేస్తే పొడవు 91.3 సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర. అంటే నూటికి ఒకటి. మనిషి అందులో అగ్గిపుల్లలో సగం కూడా ఉండడు. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి ఇదే చెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

బజారులో దొరికే కిట్టు లాంటిది మనకి లేదు. ప్రతి ముక్కా మనమే కొలిచి కోసుకోవాలి. పొడవు, వెడల్పు తెలిశాయి గానీ, మధ్యన ఉన్న గోపురం ఎంత ఎత్తో, ముక్కు ఎంత వంపో తెలియదు. మాస్టారు కొన్న ఫొటో ఒకటి ఉంది. అది మూలనుంచి తీసినది. దాన్ని కొలిచి గీస్తే ముక్కు పెద్దగా, తోక ఎలక తోకలాగ వచ్చింది. లెక్కల మాస్టారు నవ్వి, "దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనపడతాది. పక్కనుంచి నేరుగా తీసిన బొమ్మే కొలవాలి" అన్నారు. పాత పేపరులో అలాంటిది దొరికింది. అందులో ఓడ పొడవు 18 సెంటీమీటర్లు. అంటే బొమ్మలో ఒక సెంటీమీటరు ఉన్నది మన నమూనాలో అయిదుకి కొంచెం పైన. నిష్పత్తి పాఠం నాకు అప్పుడు అర్థమయింది. పరీక్షలో ఎందుకు అర్థం కాలేదో తెలియదు.

వెన్నెముకకి వెదురు బద్ద పెట్టాను. పుస్తకాల అట్టపెట్టె కోసి, అయిదేసి సెంటీమీటర్లకి ఒక గుండ్రటి అట్టముక్క గుచ్చాను. మధ్యలోవి పెద్దవి, చివర్లకి పోయేకొద్దీ చిన్నవి. చూడ్డానికి చేప ముల్లులాగ ఉండేది. దానిమీద పేపరు ముక్కలు మైదా జిగురుతో అంటించాలి. ఈ పనిలో నాకు సాయం ఉన్నవాడు ఏడో తరగతి తమ్ముడు. జిగురు కాచేది వాడే, పేపరు చింపేది వాడే.

శనివారం రాత్రి కుడిపక్క అంటించేసరికి పేపర్లు అయిపోయాయి. ఎడమపక్క తరవాత చూద్దామని వదిలేశాను. ఆదివారం పొద్దున్న తొందరగా ఆరాలని వరండాలో ఎండకి పెట్టి, "చూస్తూ ఉండరా" అని వాడికి చెప్పి, నేను బట్టలు ఉతుక్కోడానికి గెడ్డకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఓడ అరటిపండులాగ వంగిపోయి ఉంది. పక్కన వాడు కూర్చొని ఉన్నాడు.

"దీనిమీద కూర్చున్నావేట్రా?" అన్నాను.

"నేను ముట్టలేదన్నా. దానంతట అదే వంగింది" అన్నాడు.

దానంతట అది వంగడమేమిటి అని నాకు ఇంకా కోపం వచ్చింది. డార్మిటరీ అందరి ముందు అబద్ధాలకోరు అన్నాను. మీలో చాలామంది విన్నారు. కొంతమంది నాతో కలిసి వాణ్ణి భోజనాల వరుసలోంచి వెనక్కి తోశారు. వాడు కంచం పట్టుకొని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆదివారం, కోడికూర. వాడు తినలేదు. నేను తిన్నాను.

మళ్లీ మొదటినుంచి రెండో ఓడ కట్టాను. ఈసారి ఎవడూ ముట్టకుండా స్టోరు గదిలో పెట్టమని వార్డెన్ మాస్టారిని అడిగాను. ఆ రాత్రీ ఒక పక్కే అంటించాను, మిగతాది మర్నాడు అనుకొని. కిటికీలోంచి పొద్దుటెండ సరిగ్గా దానిమీదే పడుతుందని చూసుకోలేదు. మధ్యాహ్నం మాస్టారు తాళం తీస్తే, ఇది కూడా వంగే ఉంది. మాస్టారు తాళంచెవి చూపించి, "ఇది నా జేబులోనే ఉందిరా. మరి ఇప్పుడు ఎవడు కూర్చున్నాడు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టయింది నా సంగతి.

తరవాత కూర్చొని ఆలోచించాను. తడి పేపరు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక పక్కే అంటిస్తే ఆ పక్కకే లాగుతుంది. ఎండలో పెడితే ఇంకా గట్టిగా లాగుతుంది. మా అవ్వ బుట్టలు పేడతో అలికి ఎప్పుడూ నీడపట్టునే ఆరబెడుతుంది. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు.

ఆ రెండో ఓడని పారేయలేదు. తడిగుడ్డతో మెత్తబరిచి, తిన్నని చెక్కకి కట్టి, కుడికి ఒక ముక్క, ఎడమకి ఒక ముక్క చొప్పున అంటించి మూడు రోజులు నీడలో ఉంచాను. తిన్నగా వచ్చింది. పెరిస్కోపుకి పెన్ను రీఫిల్, కమ్మీలకి కాలిపోయిన మోటారు రాగి తీగ, పంకాలకి పౌడరు డబ్బా రేకు. నేను పంకాలు రెండు కోశాను. ఆ తమ్ముడు దూరంగా నిలబడి, "మూడన్నా. నేను వెనక్కి వెళ్లి చూశాను" అన్నాడు. పుస్తకంలో చూస్తే మూడే. మనమందరం ముందు నిలబడి ఫొటో దిగుతుంటే వాడు వెనక్కి పోయి చూశాడన్నమాట. "సరే, రా, పట్టుకో" అన్నాను. వాడు వచ్చి పట్టుకున్నాడు. అంతకుమించి నేనేమీ అనలేదు. పెద్ద తరగతివాణ్ణి, తమ్ముడి దగ్గర తప్పు ఒప్పుకోవడం ఏమిటి అనిపించింది.

సైన్స్ రోజున సార్ ఒకరు మంచి ప్రశ్న అడిగారు. "అసలు ఓడ నీటిపైన తేలేటప్పుడు సుమారు 1,950 టన్నులు. మరి నీది నూరో వంతు కదా, 19 టన్నులుండాలా?" అన్నారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరేసి వంతులు తగ్గాయి కాబట్టి బరువు పది లక్షల వంతు తగ్గాలి, సుమారు రెండు కిలోలు అని చెప్పాను. స్టోరు తరాజులో మాది 600 గ్రాములే తూగింది. కాగితం కాబట్టి నీళ్లలో దింపలేదు గానీ, దింపితే అసలు ఓడలాగ మునగదు, బెండులాగ పైపైన తేలుతుంది. అసలు ఓడంత లోతుకి దిగాలంటే ఇంకో 1,350 గ్రాముల రాళ్లు కడుపులో వెయ్యాలి. అందరూ చప్పట్లు కొట్టారు. "ఎవరు చేశారు బాబూ?" అని అడిగారు. "నేనేనండి" అన్నాను. ఆ తమ్ముడు నా వెనకాలే బల్ల తుడిచే గుడ్డ పట్టుకొని ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందరి ముందు తిట్టాను కాబట్టి అందరూ చదివే గోడమీదే వ్రాస్తున్నాను. ఆ తమ్ముడు ఓడమీద కూర్చోలేదు. అబద్ధం ఆడలేదు. దానంతట అదే వంగింది. వంగేటట్టు అంటించింది నేను. ఓడ చేసింది ఇద్దరం. వాణ్ణి వరుసలోంచి తోసినవాళ్లు కూడా ఇది చదవవలెనని కోరుతున్నాను.

ఇలాగ వ్రాస్తానని వాడికి ముందే చెప్పాను. "పేరు వ్రాయకన్నా, మళ్లీ అందరూ నన్నే చూస్తారు" అన్నాడు. అందుకని వ్రాయలేదు. నిన్న ఆదివారం నా కంచంలోవి రెండు ముక్కలు వాడికి వేశాను. తిన్నాడు.

వచ్చే ఏడాది కురుసురకి ఎదురుగా రోడ్డు అవతల ఉన్న టి.యు.-142 విమానం చేస్తాం. అది 2017 నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. పొడవు 53, రెక్కల వెడల్పు 50 మీటర్లు. దానికి నాలుగు ఇంజన్లు కదా, పంకాలు నాలుగు అన్నాను. "ఎనిమిదన్నా. ఒక్కోదానికి ముందూ వెనకా రెండేసి, ఎదురెదురుగా తిరుగుతాయంట" అన్నాడు. ఈసారి పుస్తకం తీయకుండానే ఎనిమిది అని వ్రాసుకున్నాను.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
తొమ్మిదవ తరగతి