సముద్రం అడుగున మన రేగడి

నా వృత్తి బురద చదవడం. మాది ఎత్తిపోతల పక్క పల్లె. ఇంటరు మాచర్లలో, జియాలజీ చదువు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఆ తర్వాత ఇన్నేళ్లూ సముద్రం అడుగు నుంచి తీసిన మట్టితోనే నా పని. "భూమ్మీద మట్టి చాలక సముద్రంలో మట్టికి పోతున్నావంట్రా అబ్బాయ్?" అని మా పెదనాయన అడిగేవాడు. "అది మన మట్టే పెదనాయనా" అనేవాణ్ణి. నమ్మేవాడు కాదు. ఆయనకు ఓపిగ్గా చెప్పాల్సిందే ఇక్కడ రాస్తున్నాను.

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకి, కొద్ది దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. చూడవచ్చినవాళ్లు నురగ చూస్తారు. నాకు మాత్రం నీటి రంగు మీదే కన్ను. గట్టి వాన పడ్డ మర్నాడు ఆ నీళ్లు ఒక గ్లాసులో పట్టి పక్కన పెడితే, సాయంత్రానికి అడుగున సన్నటి పొర పేరుకుంటుంది. మహారాష్ట్ర నల్లరాతి పీఠభూమి నుంచి వచ్చే రేగడి, కర్ణాటక ఎర్రమన్ను, మన పల్నాటి సున్నపురాతి పొడి అన్నీ కృష్ణ మోసుకెళ్లి హంసలదీవి దగ్గర సముద్రానికి అప్పగిస్తుంది. ఉప్పునీరు తగలగానే బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. ఏటా కొంచెం చొప్పున వేల ఏళ్లుగా అలా పేరుకున్న మట్టి మీదే మా పనంతా.

మన గుమ్మం ముందున్న సముద్రమే అయినా బంగాళాఖాతం లోతుల గురించి చాలాకాలం ప్రపంచానికి తెలిసింది తక్కువ. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి మన విద్యార్థులతో కలిసి ఈ తీరాన్ని కొలవడం మొదలుపెట్టాడు. 1959 నుంచి 1965 దాకా జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో సోవియట్ ఓడ విత్యాజ్, అమెరికా ఓడ ఆంటన్ బ్రూన్, మన నౌకాదళం నుంచి ఐఎన్ఎస్ కిస్ట్నా పాల్గొన్నాయి. తూర్పు తీరపు వాలులో లాఫాండ్ గుర్తించిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మా జియాలజీ శాఖను నడిపిన ఆచార్య సి.మహదేవన్ పేరూ పెట్టారు. 1972లో గ్లోమర్ చాలెంజర్ ఓడ వచ్చి ఎనిమిదో ఉత్తర అక్షాంశం దగ్గర సముద్రం అడుగును తవ్వి వెళ్లింది. ఆ తర్వాత ఓడల చూపు ఎక్కువగా అరేబియా సముద్రం మీదే నిలిచింది. మన వైపు మట్టి కొన్నిచోట్ల పదహారు కిలోమీటర్ల మందం. ఆ పైన తుఫానులు.

అందుకే 2006 నాకు పెద్ద సంవత్సరం. ఆ ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మన సముద్రాల్లో తిరిగింది. మన హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్, అమెరికా భూగర్భ సర్వే కలిసి నడిపిన యాత్ర అది. వెతుకుతున్నది గ్యాస్ హైడ్రేట్ కోసం. అంటే సముద్రం అడుగు చలికీ ఒత్తిడికీ నీళ్లతో పాటు గడ్డకట్టిన మీథేన్. ఇరవై ఒక్క చోట్ల తవ్వితే అందులో పదిహేను మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనివే. దాదాపు 2,850 మీటర్ల మట్టి పైకి వచ్చింది.

ఓడలో పన్నెండు గంటల షిఫ్టు. "కోర్ ఆన్ డెక్" అని మైకులో కేక వినబడితే కంచం ముందు కూర్చున్నా లేవాల్సిందే. తొమ్మిదిన్నర మీటర్ల ప్లాస్టిక్ గొట్టం నిండా బురద. ఇద్దరు ముగ్గురం భుజాన మోసుకొచ్చి నడవా మీద పడుకోబెట్టేవాళ్లం. లోపల గ్యాస్ ఉబ్బి బురదను బయటికి చిమ్ముతుంది కాబట్టి ముందు డ్రిల్లుతో గొట్టానికి చిన్న చిన్న బెజ్జాలు పెట్టాలి. ఆ వెంటనే వేడిని పట్టే కెమెరా గొట్టం పొడవునా నడుస్తుంది. తెరమీద నీలంగా కనిపించిన చోట చెయ్యి పెడితే గ్లవ్స్ లోంచి కూడా చల్లగా తగిలేది. అక్కడ హైడ్రేట్ కరుగుతోందన్నమాట. పైన మండే ఎండ, కింద కరిగిపోయే సరుకు. ఆ ముక్కను నిమిషాల్లో కోసి ద్రవ నైట్రోజన్‌లో వెయ్యాలి. చేతిలో పెట్టుకున్న తెల్ల గడ్డ చిటచిటమంటూ గ్యాస్ వదులుతూ కరిగిపోతుంటే, ఒక ఘనపు మీటరులో దాదాపు 164 ఘనపు మీటర్ల గ్యాస్ ఇముడుతుందన్న పుస్తకం లెక్క మొదటిసారి అర్థమైంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒకచోట ఆ హైడ్రేట్ పొర మందం సుమారు 130 మీటర్లు. ఇంత మందం పొరలు ప్రపంచంలో బహు తక్కువ.

హైడ్రేట్ తీసేశాక మిగిలిన మట్టి మా వంతు. మీటరున్నర ముక్కలుగా కోసి, నిలువునా రెండుగా చీల్చి, ఒక సగం భద్రపరిచి, రెండో సగం మీద పని మొదలుపెట్టేవాళ్లం. పళ్లు కుట్టుకునే పుల్లతో ఆవగింజంత మట్టి తీసి గాజుపలక మీద నీటిచుక్కతో పలచగా పూస్తాం. సూక్ష్మదర్శిని కింద అది ఒక ఊరంత ఉంటుంది: ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకులు, అగ్నిపర్వతాల బూడిద గాజు, కర్రబొగ్గు నలుసులు. బంకమట్టి రకం తేలాలంటే ఎక్స్‌రే యంత్రం కావాలి. గ్లైకాల్ ఆవిరి పట్టించి చూస్తే స్మెక్టైట్ ఉబ్బుతుంది, ఇలైట్ ఉబ్బదు. ఇలైట్ ఎక్కువుంటే హిమాలయాల నుంచి గంగ మోసుకొచ్చిందని అనుమానించాలి. స్మెక్టైట్ పోగుపడితే అది దక్కన్ మట్టి. వానకు ఉబ్బి, వేసవిలో కాలు దిగబడేంత బీటలు తీసే మా మిరప చేను రేగడిలో ఉన్నదీ ఆ స్మెక్టైటే. మా పెదనాయన జీవితమంతా దున్నిన ఖనిజం కిలోమీటరు లోతు నీళ్ల కింద దొరికిందని చెబితే, అప్పుడు నమ్మాడు.

గ్యాస్ కోసం తీసిన ఆ మట్టే వానల చరిత్ర కూడా చెప్పింది. నాకు గ్యాస్ కన్నా ఇదే విలువైనది. గోదావరి ముఖానికి ఎదురుగా తీసిన ఒక కోర్‌లో పదివేల ఏళ్ల మట్టి ఉంది. ఆకుల మీది మైనం నదితో కొట్టుకొచ్చి అందులో చెడిపోకుండా మిగిలింది. ఆ మైనంలోని కార్బన్‌ను కొలిచి కామిలో పాంటన్ బృందం 2012లో ఫలితాలు అచ్చువేసింది. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట మన ద్వీపకల్పం ఎండబారడం మొదలైంది, పదిహేడు వందల ఏళ్ల కిందట అది ఇంకా ముదిరింది, కరువుకు తట్టుకునే మొక్కలు పెరిగాయి. మెట్ట సేద్యం చేసే ప్రతి పల్లెకూ ఇది తన కథే. 2014 నవంబరు చివర అదే జాయిడెస్ రిజల్యూషన్ సింగపూర్ నుంచి వానల చరిత్ర కోసమే ప్రత్యేకంగా వచ్చింది. మహానది ఎదుట తీసిన మట్టితో స్టీవెన్ క్లెమెన్స్ బృందం తొమ్మిది లక్షల ఏళ్ల రుతుపవనాలను లెక్కగట్టింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మన వానలు బలపడతాయని 2021లో చెప్పింది. రేపటి వరదల అంచనాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ఇప్పుడు నా బెంగ రెండింటి మీద. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.నాగేశ్వరరావు బృందం 2010లో చూపిన లెక్క ప్రకారం, 1960ల చివర ఏటా తొంభై లక్షల టన్నులున్న కృష్ణ మట్టి 2000-05 నాటికి నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. ఆనకట్టలు మనకు అన్నం పెట్టాయి, కాదనను. నాగార్జున సాగర్ నీరు లేకపోతే నా చదువూ లేదు. కానీ మట్టి రాక డెల్టా అంచు కోతపడుతోంది. సముద్రంలో కొత్త పుటలు పలచబడుతున్నాయి. చంద్రవంక సాగర్ దిగువన కలిసినా, దాని మట్టికీ టెయిల్ పాండు, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ అడ్డున్నాయి. రెండోది, జాయిడెస్ రిజల్యూషన్ 2024లో పని విరమించింది. జపానుకు చిక్యూ ఉంది, చైనా ఆ ఏడాదే మెంగ్‌షియాంగ్‌ను పనిలోకి దించింది. ఇంత పొడవు తీరమున్న మనకు శాస్త్రం కోసం లోతుగా తవ్వే సొంత ఓడ లేదు. 2021లో కేంద్రం 4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్‌కు అనుమతిచ్చింది, మనుషుల్ని సముద్రం లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 సిద్ధమవుతోంది. ఆ వరుసలో డ్రిల్లింగ్ ఓడ కూడా రావాలి. వచ్చి తీరాలని నా గట్టి అభిప్రాయం.

పల్నాటి పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ ఒక మాట. జియాలజీ సీటు వస్తే చిన్నచూపు చూడొద్దు. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది, చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ ఉంది. ప్రాజెక్టు పని ఉందా అని అక్కడి శాస్త్రవేత్తలకు ఒక ఉత్తరం రాయండి. ఓడ ఎక్కడానికి ఈత రానక్కర్లేదు, ఇంగ్లీషు ధారాళంగా రానక్కర్లేదు. మట్టిని ఓపిగ్గా చూడటం వస్తే చాలు, అది మన ఇళ్లలో అందరికీ వచ్చు.