అంకె ధరా, అట్ట ధరా?

అమెరికా వచ్చాక పాత బేస్‌బాల్ కార్డుల పిచ్చి నాకూ కొంచెం అంటుకుంది లెండి. కొనేది తక్కువ, ధరలు చూసి నోరెళ్ళబెట్టేది ఎక్కువ :)

పీఎస్ఏ లాంటి సంస్థలు కార్డు మూలలు, అంచులు, బొమ్మ మధ్యలో ఉందా లేదా అన్నీ చూసి, పదికి ఇన్నని గ్రేడిచ్చి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలేస్తాయి. 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డొకటి, 9.5 గ్రేడుది, 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అదే కార్డు మూలలరిగి మడతలు పడితే అందులో నూరో వంతు కూడా రాదు.

మరి ఆ అంకెని ఎంత నమ్మొచ్చు? పీఎస్ఏ 1991లో మొట్టమొదట గ్రేడు చేసింది హోనస్ వాగ్నర్ కార్డుని, 8 ఇచ్చింది. దాని అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలంపాటల వ్యాపారి 2013లో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకి అసలు అంకే ఇవ్వకూడదు!

అప్రైజల్ రేటింగులు చూసిన మనకిది వింతేం కాదు. ఏడాది పనంతా ఒక్క అంకెలో పడుతుందా?

మొన్న 1960 క్లెమెంటే కార్డులు రెండు పక్కపక్కన చూశాను. 6 గ్రేడుదాంట్లో బొమ్మ ఓ పక్కకి జరిగిపోయింది. 4 గ్రేడుది నిండుగా ఉంది, వెనక చిన్న మడత, అంతే. నాలుగే కొన్నాను. మీరైనా డబ్బు తీసేముందు ఆ లేబుల్ని వేలితో మూసి కార్డుని చూడండి.